ఆడపిల్లల కేసులు చూసే సంస్థల్లో పనిచేసేది ఎవరు? తెలిసినవాళ్ళు చెప్పండి

పెన్నా తీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు లా ఆఖరి సంవత్సరం చదువుతోంది. చదువయ్యాక అందరిలా సీనియర్ దగ్గర చేరను, ఆడపిల్లల కేసులు చూసే స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తానంటోంది. ఇంట్లో కొన్నాళ్ళుగా ఇదే గొడవ. "జీతమెంతిస్తారు? ఎవడైనా బెదిరిస్తే ఎవరొస్తారు?" అని మా బావ. "రేపు సంబంధాలు చూసేటప్పుడు పిల్ల ఏం చేస్తోందని చెప్పాలి?" అని మా అక్క. వాళ్ళను తప్పు పట్టలేను. ఆ పని ఎట్టా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు తీర్పు పేపర్లో వచ్చినప్పుడల్లా చదువుతాను. ఎన్నేళ్ళ శిక్ష పడింది, జరిమానా ఎంత, ఎవరు దర్యాప్తు చేశారు, ఏ పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) వాదించారు, అన్నీ రాస్తారు. పాప పేరు రాయరు, రాయకూడదు కూడా. కానీ ఆ పాపను ఏళ్ళ తరబడి వాయిదాలకు తీసుకొచ్చి, పక్కన కూర్చుని, మళ్ళీ ఇంటికి చేర్చినవాళ్ళ సంగతి ఎక్కడా ఉండదు. ఎవరు వాళ్ళు? ఏం చదివారు? ఎట్టా బతుకుతున్నారు? మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో తెలిసినవాళ్ళు రాస్తే మా పిల్లకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ చూపిస్తాను.

నిర్వాహకుడు

మంచి చర్చ, కొనసాగించండి. ఒక్క విన్నపం. ఎవరి కేసు గురించి రాసినా ఊరు, బడి, వయసు, కులం రాయకండి. పేరు లేకపోయినా ఆ నాలుగూ కలిస్తే ఊళ్ళోవాళ్ళు గుర్తుపడతారు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పాప ఎవరో తెలిసేలా బయటపెట్టడం నేరం. అది ఇలాంటి చర్చలకూ వర్తిస్తుంది. అలాంటి పోస్టులు కనిపిస్తే వెంటనే తీసేస్తాం.

ఒంగోలు లాయరమ్మ

నేను అలాంటి ఒక సంస్థకు కేసులు చూస్తాను. నెల జీతం లేదు, కేసుకు ఇంత అని ఇస్తారు. మిగతా ప్రాక్టీసు వేరే ఉంది. సంస్థ పేరు రాయను, దాన్నిబట్టి మా దగ్గరికి వచ్చే పిల్లలెవరో ఊహించడం తేలిక.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. పీపీ గారు పాప తరఫు లాయరు కారు, ప్రభుత్వం తరఫు. ఆయన ముందు రోజూ ఎన్ని ఫైళ్ళుంటాయో కోర్టుకొచ్చి చూస్తే తెలుస్తుంది. పోక్సో 40వ సెక్షన్ ప్రకారం పాప కుటుంబం తమకు నచ్చిన లాయరును పెట్టుకోవచ్చు. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది. 1987 నాటి చట్టంలోనే ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం రాసి ఉంది. ఇది తెలియక గొడ్లమ్ముకుని ఫీజు కట్టిన తండ్రులు నా దగ్గరికి వచ్చారు.

అయితే కేసును నిలబెట్టేది లాయరు అనుకుంటే పొరపాటు. మా సంస్థలో ఒకావిడ ఉంది. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, ఇంతకుముందు డ్వాక్రా సంఘానికి లీడరు. పిల్లలందరూ ఆమెను కోర్టక్క అంటారు. పాప సాక్ష్యం చెప్పాల్సిన రోజుకు ముందే ఓ సాయంత్రం, జడ్జిగారి అనుమతితో, ఖాళీ కోర్టు హాలుకు తీసుకెళుతుంది. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారు, నువ్వెక్కడ కూర్చుంటావు, తెర ఎక్కడ కడతారు, వాడు నీకెందుకు కనపడడు, అన్నీ చూపిస్తుంది. కుర్చీ ఎత్తుగా ఉందా, కాళ్ళు నేలకు అందుతాయా అని కూర్చోబెట్టి చూస్తుంది. "తెలియకపోతే తెలియదను. గుర్తు లేకపోతే లేదను. మంచినీళ్ళు కావాలంటే అడుగు, ఆయన ఏమీ అనరు" అని చెబుతుంది. జవాబులు మాత్రం ఒక్క ముక్క నేర్పదు. నేర్పితే క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నల్లో, ఒక్క నిమిషంలో బయటపడుతుంది, కేసు పోతుంది. ఆ తేడా ఆమెకు నాకంటే బాగా తెలుసు.

చట్టంలో అన్నీ ఉన్నాయి. పోలీసులు పాప ఇంటికే వెళ్ళి, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై చేత స్టేట్‌మెంట్ రాయించాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. డిఫెన్స్ లాయరు పాపను నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే వెళ్ళాలి. పిల్లను మాటిమాటికీ పిలవకూడదు. కోర్టు కేసును విచారణకు తీసుకున్న 30 రోజుల్లో పాప సాక్ష్యం, ఏడాదిలో విచారణ పూర్తి కావాలి. కానీ ఆచరణలో ఏడాది దాటిన కేసులే ఎక్కువ చూశాను. ఐదో తరగతిలో ఫిర్యాదు చేసిన పాప ఎనిమిదో తరగతికి వచ్చాక సాక్ష్యం చెబుతుంది. ఆపాటికి మర్చిపోదామని తన తంటాలు తను పడుతుంటుంది. ఆ మధ్యకాలమంతా ఆ పిల్లతో ఉండేవాళ్ళే మీరు అడిగినవాళ్ళు.

కనిగిరి కుర్రాడు

మేడం, అర్థమైంది కానీ ఒక డౌట్. ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా? పోలీసులున్నారు, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ ఉంది, పిల్లల సంక్షేమ కమిటీ ఉంది. మళ్ళీ సంస్థలు ఎందుకు?

ఒంగోలు లాయరమ్మ

నిజమే తమ్ముడూ, ప్రభుత్వం పనే. జిల్లాకో పిల్లల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ), అందులో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, కనీసం ఒక మహిళ ఉండాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. రక్షణ అవసరమైన పిల్లను 24 గంటల్లో వాళ్ళ ముందు హాజరుపరచాలి. కానీ వాళ్ళు ఉత్తర్వు ఇవ్వగలరు, పాపతో బస్సెక్కి రాలేరు. ఎస్సై బదిలీ అవుతారు, సీడీపీఓ (ఐసీడీఎస్ అధికారి) మారతారు, పీపీ మారతారు. కేసు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పాపకు ఒక్క మనిషైనా మారకుండా ఉండాలి. సపోర్ట్ పర్సన్, అంటే కేసు పొడవునా పాపకు తోడుండే మనిషి, అనే ఏర్పాటు పోక్సో నియమాల్లో అందుకే ఉంది. 2023 ఆగస్టులో సుప్రీం కోర్టు కూడా ఈ నియామకాలు సరిగ్గా జరగాలని ఆదేశాలిచ్చింది. ఆ పని చేసేవాళ్ళు చాలాచోట్ల సంస్థల నుంచే వస్తారు.

మార్కాపురం టీచర్

లాయరమ్మగారు కోర్టు సంగతి చెప్పారు. నేను బాల్య వివాహాల సంగతి చెబుతాను. మా వైపు ఈ సంస్థల వాళ్ళు ఎక్కువగా కనిపించేది ఆ పనిలోనే.

మా పశ్చిమ ప్రాంతంలో వానలు అంతంతమాత్రం, బోర్లు ఎండిపోతాయి. సంక్రాంతి దాటితే మనుషులు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు, హైదరాబాద్‌లో భవనాల పనికి పోతారు. తొమ్మిదో, పదో చదివే ఆడపిల్లను ఇంట్లో ముసలమ్మ దగ్గర వదిలిపోవాలి. ఆ భయంతోనే సగం పెళ్ళిళ్ళు జరుగుతాయి. "పిల్ల ఒక్కతే ఎట్టా ఉంటుంది సార్, ఏదైనా జరిగితే ఎవరిది పూచీ" అని అడిగే తల్లికి చట్టం చదివి వినిపిస్తే సరిపోదు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారానికే లగ్గాలు పెట్టుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకుండా పెళ్ళయినవాళ్ళు దేశంలో 23.3 శాతమైతే మన రాష్ట్రంలో 29.3 శాతం. మా బడిలో హాజరు పట్టీ చూస్తే నాకు ఆశ్చర్యం వేయదు.

ఒకసారి మా బడి పిల్ల పెళ్ళి సంగతి తెలిసి నేనే సంస్థకు ఫోన్ చేశాను. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పోలీసులను వెంటబెట్టుకుని వస్తారనుకున్నాను. రాలేదు. ముందు తల్లితో వంటింట్లో కూర్చుని మాట్లాడారు. పిల్లను కేజీబీవీ (కస్తూర్బా బాలికా విద్యాలయం) హాస్టల్లో వేస్తే మీరు కోతలకు నిశ్చింతగా పోవచ్చని, సీటు మాట్లాడి పెడతామని చెప్పారు. తండ్రి వినలేదు. అప్పుడు సీడీపీఓ ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో నిషేధ ఉత్తర్వు తెచ్చారు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ అది. ఆ ఉత్తర్వు ఉండగా పెళ్ళి చేసినా అది పెళ్ళి కిందకే రాదు, మొదటి నుంచీ చెల్లదు. ఆ కాగితం చూశాక మగపెళ్ళివారే వెనక్కి తగ్గారు.

నన్ను కదిలించింది ఆ తర్వాత జరిగినది. జూన్‌లో హాస్టల్లో చేర్చేటప్పుడు వాళ్ళే వచ్చారు. దసరాకు పిల్ల ఇంటికి వచ్చినప్పుడు మళ్ళీ వచ్చి చూశారు. సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లకు గుట్టుగా పెళ్ళి చేసి పంపడం మా వైపు మామూలే, అది వాళ్ళకు తెలుసు.

ఉదయగిరి దుర్గం

టీచరుగారు చెప్పింది మంచి కేసు. నేను ఇంకో రకం చూశాను, అదీ రాయాలి. మా పక్క ఊళ్ళో పెళ్ళి ముందు రోజు జీపులో వచ్చి ఆపేశారు. ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. టెంటు, వంటవాళ్ళు, బంగారం, అన్నీ అప్పు. మగపెళ్ళివారు పెట్టిన డబ్బు వెనక్కి ఇమ్మని పంచాయితీ పెట్టారు. ఆ తండ్రి అప్పు తీర్చడానికి పిల్లను చదువు మాన్పించి రొయ్యల కంపెనీ పనికి పంపాడు. పెళ్ళి ఆగింది, చదువూ ఆగింది. ఎవరికి మేలు జరిగింది? ఆపినవాళ్ళు తర్వాత ఒక్కసారైనా వచ్చారా అంటే రాలేదు.

సంస్థల మీద కోపంతో రాయడం లేదు. కానీ మేలు చేసేవాళ్ళనగానే అందరూ ఒకేలా ఉండరు.

అంగన్‌వాడీ అక్క (కొండపి)

అన్నా, మీరు చెప్పింది జరుగుతోంది. నేను పద్నాలుగేళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు ఆపడానికి వెళ్ళినదాన్ని, మా ఊళ్ళోనే తిట్లు తిన్నదాన్ని. అందుకే చెబుతున్నా. ముందు రోజు ఆపడం అంటే సగం ఓడిపోయినట్టే. నిశ్చితార్థానికి ముందే తెలిస్తే ఇంత నష్టం ఉండదు. తెలియాలంటే ఊళ్ళో మనిషి ఉండాలి. నాకు తెలిసిన సంస్థ ఒకటి ఊరికో పిల్లల సంఘం పెట్టింది. వారం వారం ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చి వాళ్ళతో కూర్చుంటుంది. బడికి రాని పిల్ల ఎవరు, కొత్త బట్టలు కొన్నది ఎవరికి, చెవులు కుట్టించి కమ్మలు పెట్టింది ఎవరికి, ఇవన్నీ పిల్లలకే ముందు తెలుస్తాయి.

డబ్బు గొడవ వచ్చినప్పుడు కూడా ఆ అమ్మాయే పెద్దమనుషుల మధ్య కూర్చుంటుంది. లగ్న పత్రిక రాయించినవాళ్ళు, పందిరి వేసినవాళ్ళు అందరూ చట్టం ప్రకారం బాధ్యులే, రెండేళ్ళ జైలు, లక్ష జరిమానా దాకా ఉంటుందని నెమ్మదిగా చెబుతుంది. అప్పుడు మగపెళ్ళివారు వడ్డీ లేకుండా వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంటారు. గట్టిగా అరవదు. ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకు. ఫొటో మాత్రం ఎప్పుడూ తీయనివ్వదు. ఒకసారి విలేకరి ఫోన్ తీస్తే అడ్డం నిలబడింది.

రొయ్యల కంపెనీకి పోయిన ఆ పాప సంగతి నాకు మెసేజ్ పెట్టండి. బడి మానేసిన పిల్లలను మళ్ళీ చేర్చే దారులున్నాయి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కూడా కట్టించవచ్చు.

ఉదయగిరి దుర్గం

పెడతాను అక్కా. థ్యాంక్స్.

పేరు వద్దు

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నాకు మైనరుగా ఉండగా పెళ్ళి చేశారు. పద్దెనిమిది దాటాక ఆ పెళ్ళి రద్దు చేయమని కోర్టుకు వెళ్ళాను. మేజర్ అయిన రెండేళ్ళ లోపు, అంటే ఇరవై నిండేలోపు వేయాలని నాకు తెలియదు. సంస్థలో ఒక అక్క చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే గడువు దాటిపోయేది.

వయసు నిరూపించడమే పెద్ద గండం. ఆధార్‌లో నా పుట్టిన సంవత్సరం మార్చేశారు. ఆ అక్క నేను చదివిన బడికి వెళ్ళి, పాత అడ్మిషన్ రిజిస్టరు బీరువా అడుగు నుంచి తీయించి, హెడ్ మాస్టారి సంతకం, స్టాంపు వేయించి తెచ్చింది. అంచులు చెద తిన్న పేజీ అది. నా పేరు పక్కన మా నాన్న వేలిముద్ర ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా చేతికివ్వకుండా తన సంచిలోనే ఉంచుకుంది, మా ఇంట్లో ఎవరైనా చించేస్తారని.

నన్ను ఎప్పుడూ "ఏం జరిగింది చెప్పు" అని అడగలేదు ఆమె. టిఫిన్ తిన్నావా, ఇంటర్ ఫీజు కట్టావా అనేది. నేనే ఒకరోజు అన్నీ చెప్పాను. పెళ్ళి రద్దయింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతున్నా. పెన్నా తీరం గారూ, మీ అమ్మాయిని వెళ్ళనివ్వండి.

పెన్నా తీరం (నెల్లూరు)

అమ్మా, మీరు రాసింది మా అక్కకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, ఇంకోసారి చదవమంది. మీరు బాగా చదువుకోవాలి.

ఒంగోలు లాయరమ్మ

ఈ చెల్లెలు రాసినదానికి చట్టం వైపు నుంచి రెండు మాటలు. వయసు విషయంలో ముందు బడి ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్లో వరుస ఇదే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీం కోర్టు 2024లో చెప్పింది కూడా. సముద్రం వైపు యానాది కాలనీల్లో చాలామంది పిల్లలకు జనన ధ్రువపత్రం ఉండదు, బడిలో పేరూ ఉండదు. కేసు రాకముందే ఆ కాగితాలు చేయించి పెట్టే సంస్థలను నేను ఎక్కువ గౌరవిస్తాను.

రద్దు చేసినప్పుడు కోర్టు భరణం, ఉండటానికి చోటు కూడా ఇప్పించగలదు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా. బిడ్డ పుట్టి ఉంటే ఆ బిడ్డకు చట్టబద్ధత పోదు. ఈ రెండూ తెలియక భయపడి ఆగిపోయేవాళ్ళు ఎక్కువ.

లెక్కల పుస్తకం (కావలి)

జీతం సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. రెండు చిన్న సంస్థలకు లెక్కలు చూస్తాను.

సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ అవుతారు, ఆదాయపు పన్ను మినహాయింపు కాగితాలు (12ఏ, 80జీ) తెచ్చుకుంటారు. అక్కడిదాకా తేలికే. అసలు కష్టం డబ్బు ఏ పనికి వస్తుందన్న దగ్గర. దాతలు అవగాహన సదస్సులకు ఇస్తారు. ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు అని లెక్క చూపించవచ్చు కాబట్టి. ఒక పాపను ఊరి నుంచి ఒంగోలు కోర్టుకు తీసుకొచ్చే బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం, ఆ రోజు కూలి పోయిన తల్లికి ఇచ్చే డబ్బు, వీటికి ఏ ప్రాజెక్టులోనూ పద్దు ఉండదు. ప్రాజెక్టు ఒకటి రెండేళ్ళు, మహా అయితే మూడు. కేసు అంతకన్నా ఎక్కువ నడుస్తుంది. మధ్యలో నిధులు ఆగితే జీతం ఆగుతుంది. వాయిదా ఆగదు.

2020 సెప్టెంబరులో విదేశీ నిధుల చట్టం మారింది. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిలో కొంత చిన్న సంస్థకు ఇవ్వడం అప్పటినుంచి కుదరదు. ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. డబ్బు ఎక్కడికి పోతోందో చూడటం ప్రభుత్వం బాధ్యత, కాదనను. కానీ మండల స్థాయిలో పనిచేసే చిన్న సంస్థలు పెద్దవాటి నుంచి వచ్చే ఆ కొంతతోనే బతికేవి. నేను లెక్కలు చూసేవాటిలో ఒకటి ఆ దెబ్బకు సగం మందిని పంపేసింది. వెళ్ళిపోయినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ తమ పాత కేసుల వాయిదాలకు సొంత డబ్బులతో వెళుతున్నారు. నాకు తెలిసి వాళ్ళను ఎవరూ అడగలేదు.

సపోర్ట్ పర్సన్‌కు నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని నియమాల్లో ఉంది. అది సక్రమంగా, నెలనెలా అందితే మీ బావగారి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మన ఊళ్ళలో పెళ్ళికి, జాతరకు చందా ఇస్తాం. ఒక పాప ఏడాది వాయిదాల ఖర్చు భరిస్తానని ముందుకొచ్చే మనిషి దొరకడం ఎంత కష్టమో చూస్తున్నాను. చదివేవాళ్ళలో ఎవరికైనా వీలైతే మీ దగ్గరి సంస్థను అడగండి. రసీదు తీసుకోండి, ఆడిట్ రిపోర్టు చూపించమనండి. నిజాయితీగా నడిపేవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

సింగరాయకొండ సముద్రం

నాది కొంచెం ఇబ్బందికరమైన ప్రశ్న. పదిహేడేళ్ళ అమ్మాయి ఇష్టపడి పంతొమ్మిదేళ్ళ అబ్బాయితో వెళ్ళిపోతుంది. అమ్మాయి తల్లిదండ్రులు పోక్సో కేసు పెడతారు. కులాలు వేరైతే ఖాయంగా పెడతారు. అబ్బాయి జైల్లో, అమ్మాయి హోంలో. సంస్థలు అప్పుడు ఎవరి పక్షం? తల్లిదండ్రుల పక్షమా, అమ్మాయి పక్షమా?

ఒంగోలు లాయరమ్మ

ఇబ్బందికరమే, మా ఆఫీసులో మాకే ఏకాభిప్రాయం లేదు. చట్టం దృష్టిలో 18 నిండనిదే సమ్మతి లెక్కలోకి రాదు. పెళ్ళయిందన్న సాకు కూడా 2017 అక్టోబరు 11 నుంచి చెల్లదు. ఇండిపెండెంట్ థాట్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీం కోర్టు, 15 నుంచి 18 ఏళ్ళ మధ్య భార్య విషయంలో భర్తకు అప్పటిదాకా ఉన్న మినహాయింపును కొట్టేసింది. జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ఇచ్చిన తీర్పు. అంతకుముందు పదహారేళ్ళ పిల్లను పెళ్ళి పేరుతో ఏం చేసినా అది అత్యాచారం కింద నేరం కాదు. ఒక చిన్న సంస్థ పట్టుబట్టి అడిగితే దేశమంతటికీ మారింది. ఇలాంటి పనులు కూడా ఈ సంస్థలే చేస్తాయి.

ఇక మీ ప్రశ్న. మేం అమ్మాయి పక్షం. ఇంటికి వెళితే కొడతారని ఆమె భయపడితే ఆ మాట సీడబ్ల్యూసీ ముందు చెప్పిస్తాం, వాళ్ళు వినాలి. మేజిస్ట్రేటు ముందు ఏం చెప్పాలో తల్లిదండ్రులూ నేర్పకూడదు, అబ్బాయి వైపువాళ్ళూ నేర్పకూడదు, మేమూ నేర్పకూడదు. ఆమె చదువు ఆగకుండా చూస్తాం. అబ్బాయిని నేరస్థుడిగా ముద్ర వేయడం న్యాయమేనా అంటే, నా మటుకు నాకు, దాదాపు ఒకే వయసువాళ్ళ మధ్య ఇష్టాన్నీ, నలభై ఏళ్ళవాడు పన్నెండేళ్ళ పాపకు చేసినదాన్నీ చట్టం వేరు చేసి చూడాలి. మా సంస్థలో పెద్దావిడ ఒప్పుకోదు. అలా సడలిస్తే "ఇష్టపడే వచ్చింది" అని ప్రతివాడూ అంటాడని ఆమె భయం. ఆ భయమూ అబద్ధం కాదు.

నెల్లూరు పాత మాట

మీ మేనకోడలికి ఇది కూడా చెప్పండి. పెన్నా ఒడ్డున ఈ పని కొత్తది కాదు. పొణకా కనకమ్మ గారు 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు, ఆడపిల్లల చదువు కోసం. అప్పటికి పెళ్ళి వయసుకు దేశంలో శారదా చట్టం కూడా లేదు, అది 1929లో వచ్చింది, ఆడపిల్లకు 14 అని. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది.

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా గారు తాతగారి పేరు మీద 1981లో మొదలైన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా వేలాదిమంది పిల్లలను పని మాన్పించి బడికి పంపారు. 2003లో మెగసెసే అవార్డు. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు మొదటి ఛైర్‌పర్సన్ ఆవిడే. పిల్లలను బడిలో నిలబెట్టడానికి ఊరూరా తిరిగింది మాత్రం ఆ ఊళ్ళ యువకులు, యువతులే. వాళ్ళ పేర్లు మనకు తెలియవు.

చీమకుర్తి ఆటో

నేను ఎక్కువగా రాయలేను, చదవడం అలవాటు. ఒక సంస్థ మేడంలను, పిల్లలను కోర్టుకు తీసుకుపోతుంటాను. బెదిరింపుల గురించి అడిగారు కదా, చూసింది చెబుతా.

కత్తులు పట్టుకుని ఎవరూ రారు. కోర్టు గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుంటారు. తెలిసినవాళ్ళే, బంధువులే. "బావా, ఎందుకీ గొడవ, పిల్ల జీవితం పాడవుతుంది, నాలుగు లక్షలు ఇప్పిస్తాం" అంటారు పాప తండ్రితో. తండ్రి మెత్తబడతాడు. అప్పులుంటాయి. పాప లోపలికి పోయి నాకేమీ తెలియదు అంటుంది, హోస్టైల్ అయిపోతుంది, అంటే సాక్ష్యం అడ్డం తిరుగుతుంది. అందుకే మేడం నాకు చెప్పింది, ముందు గేటు వద్దు, వెనక సందులో దింపు అని. దింపి ఊరికే రాను. సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. తండ్రిని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. మాటల్లో పెడతాను. ఎవరైనా దగ్గరికి వస్తే లేచి నిలబడతాను. నాకూ ఇద్దరు ఆడపిల్లలు.

కిరాయి తీసుకుంటాను, కాదనను. డీజిల్ డబ్బులే తీసుకుంటాను.

ఒంగోలు లాయరమ్మ

అన్నా, ఆ రాజీ చెల్లదని తండ్రికి చెప్పడం మాకన్నా మీకే బాగా వస్తుంది. పోక్సో కేసు రాజీ చేసుకునేది కాదు, లోక్ అదాలత్‌లోనూ కుదరదు. అసలు ఆ డబ్బు అవసరమే లేదు. పాపకు చికిత్సకు, చదువుకు మధ్యంతర పరిహారం ఇవ్వమని కేసు నడుస్తుండగానే కోర్టును అడగవచ్చు. ఎఫ్‌ఐఆర్ అయిన కొత్తలోనే ఆ దరఖాస్తు వేసి డబ్బు ఇప్పించగలిగిన కేసుల్లో తండ్రులు టీ కొట్టు దగ్గర మెత్తబడటం తక్కువ. నా అనుభవంలో ఇది చాలా పెద్ద తేడా.

కొత్త సభ్యురాలు

క్షమించండి, చర్చ మధ్యలో వస్తున్నా. మా వీధిలో ఒక పాపకు వచ్చే వారం పెళ్ళి. తొమ్మిదో తరగతి. నేను చెప్పానని తెలిస్తే మమ్మల్ని ఊళ్ళో ఉండనివ్వరు. ఏం చేయాలి?

అంగన్‌వాడీ అక్క (కొండపి)

ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమ్మా. రాత్రయినా పగలయినా తీస్తారు. నీ పేరు చెప్పాల్సిన పని లేదు. 112 అయినా సరే. వివరాలు ఇక్కడ రాయకు, నాకు విడిగా మెసేజ్ పెట్టు. నేను మీ వైపు సీడీపీఓ గారితో మాట్లాడతా.

కొత్త సభ్యురాలు

చేశాను అక్కా. వివరాలు రాసుకున్నారు. మీకు మెసేజ్ పెట్టాను.

పెన్నా తీరం (నెల్లూరు)

అందరికీ దండాలు. మా బావ కూడా కూర్చుని మొత్తం చదివాడు. ఆటో అన్న రాసింది చదివాక "బెదిరించేవాళ్ళుంటే నిలబడేవాళ్ళూ ఉన్నారు" అన్నాడు. జీతం సంగతి ఇంకా నసుగుతున్నాడు, అది న్యాయమే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఒంగోలు లాయరమ్మ

ఉద్యోగం కన్నా ముందు పని చూడమనండి. చదువుకుంటూనే నెల్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా (న్యాయ సహాయంలో తోడ్పడే కార్యకర్తగా) దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ప్రాంగణంలోనే ఆఫీసు. ఎంపికైతే శిక్షణ ఇస్తారు. సపోర్ట్ పర్సన్ కావాలంటే సోషల్ వర్క్, సోషియాలజీ, సైకాలజీ, శిశు వికాసంలో పీజీ కావాలి, లేదా డిగ్రీతో పాటు పిల్లల రంగంలో మూడేళ్ళ అనుభవం. లా డిగ్రీ ఎలాగూ వస్తుంది కాబట్టి ఆ అనుభవం సంపాదిస్తే చాలు. లాయరుగానే రావాలనుకుంటే మొదటి రెండేళ్ళు మామూలు క్రిమినల్ ప్రాక్టీసు కూడా చేయమనండి. క్రాస్ ఎలా చేస్తారో అటువైపు నుంచి తెలిసినవాళ్ళే పాపను కాపాడగలరు. ఇల్లు గడవడానికీ అదే ఆసరా.

మరో మాట. ఈ పని చేసేవాళ్ళు విన్నదంతా మోసుకుని ఇంటికి పోతారు, నిద్ర పట్టదు. వారానికోసారి పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడుకునే అలవాటున్న సంస్థను ఎంచుకోమనండి. చేరేముందు అడగాల్సింది అదే.

మీరంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక అవసరం చెబుతాను. లంబాడీ మాటలు బాగా వచ్చిన ఆడమనిషి కావాలి, ఒక పాప సాక్ష్యానికి. తెలుగులో అడిగితే ఆ పిల్ల తల దించుకుంటుంది, తన మాటల్లో అడిగితే చెబుతుంది. దుబాసిని పెట్టుకునే హక్కు పోక్సో 38వ సెక్షన్లో ఉంది, ఫీజు కూడా ఇస్తారు. ఆ తండాకు, ఆ కుటుంబానికి ఏ బంధుత్వమూ ఉండకూడదు. రహస్యం నిలుపుకోగలగాలి.

మార్కాపురం టీచర్

మా బడిలో చదివి ఇప్పుడు ఒంగోలులో బీఈడీ చేస్తున్న అమ్మాయి ఉంది. తండా పిల్లే, కానీ వేరే మండలం. తెలుగు, లంబాడీ రెండూ చక్కగా మాట్లాడుతుంది. సాయంత్రం మాట్లాడి, ఒప్పుకుంటే మీ నెంబరు ఇస్తాను మేడం. వాయిదా ఎప్పుడో నాకు విడిగా చెప్పండి, ఆ రోజు కాలేజీలో పర్మిషన్ నేను అడుగుతా.